మూడో క్యాసెట్‌లో పచ్చగొడుగులు

ఆదిలాబాద్,
20 నవంబర్ 1994

అక్కకు లక్ష్మణ్ నమస్తె రాస్తున్నడు.

ఇక్కడ అందరం మంచిగున్నం. బావకు నడుమునొప్పి తక్కువైందా? మా ఊరంత ఇప్పుడు పత్తే. మార్కెట్‌కు వచ్చే బండ్లు బస్టాండు దాంక నిలబడుతున్నయ్, పొద్దుగాల చాయ్ కప్పుల గూడ దూది తేలుతున్నది. జిన్నింగ్ మిల్లు నౌకరి ఇడిసిపెట్టి ఎన్నేండ్లయినా నా ముక్కులకెల్లి దూది పోలేదని నీ మరదలు లీల నవ్వుతది.

దుకాణం నడుస్తున్నది గని, కేబులు తీగలు పడ్డంక క్యాసెట్లు అద్దెకు తీసుకునేటోళ్లు తగ్గిన్రు. నలుగురు పెట్టనిది నేను పెట్టాలె అనుకుంటుంటే నాగ్‌పూర్ దేవదాస్ ఒక పెద్ద డబ్బ తెచ్చిండు. రెండో ప్రపంచయుద్ధం మీద పది క్యాసెట్లు. అన్ని అసలు సంగతులే, సినిమా కాదు. అప్పట్ల నలుపుతెలుపుల తీసిన ఫిలింలకు ఇప్పుడు కంప్యూటర్ తోని రంగులేసిన్రట. "చాంగ్లా మాల్ ఆహే, మంచి సరుకు, లక్ష్మణ్‌రావ్, కాలేజీ పోరగాళ్లు పట్నంల నౌకరి పరీక్షలకు చూస్తరు" అంటడు. నచ్చితే ఉంచుకో, లేకుంటే వాపస్ పంపు అన్నడు.

నేను చూస్తే నాకు అన్ని మంచిగనే కనబడుతున్నయ్. అదే నా పరేషాన్. నువ్వు హిస్టరీ చెప్పే మనిషివి. మొదటి రెండు క్యాసెట్లు కరీంనగర్ బస్సు కండక్టర్ లింగమూర్తి చేతికిచ్చి పంపుతున్న. కాలేజీ వీసీఆర్ల చూసి, సరుకు అసలుదా, పైపై పూతనా చెప్పు. ఫోన్‌ల వద్దు. ఎస్టీడీ డబ్బల నిలబడితే నాకు మాట ఇనబడది, మీటరు తిరుగుడే కనబడుతది.

ఇంకో ముచ్చట. బాపు గా యుద్ధంల లారీ నడిపిండు గద. మనకు ఒక్కనాడన్న చెప్పిండా? ఈ క్యాసెట్లు చూపెడ్దామని నేనంటున్న. ముసలాయన మనసు కెలుకుడెందుకని లీల అంటున్నది. నువ్వేమంటవ్?

నీ తమ్ముడు,
లక్ష్మణ్

*

కరీంనగర్,
4 డిసెంబర్ 1994

తమ్మీ,

నీ ఉత్తరం, లింగమూర్తి తెచ్చిన క్యాసెట్లు రెండూ అందాయి. బావ నడుము అట్లాగే ఉంది, ఆయన మాత్రం తగ్గిందంటాడు.

ముందు నీ దుకాణం సంగతి. ఈ క్యాసెట్లలో రెండు రకాల లోపాలున్నాయి, రెంటినీ కలిపి చూడకు. ఒకటి కాపీ లోపం. తెర అడుగున గీతలు పాకుతున్నాయి, పైభాగం గాలికి వంగినట్టుంది, ఎరుపు ఉన్నచోట ఉండక పక్కకు కారుతోంది. ఇది కాపీ మీద కాపీ తీయడం వల్ల వచ్చింది. దేవదాస్‌ను నిలదీస్తే ఇంతకంటే మంచి కాపీ ఇస్తాడేమో. రెండోది రంగులు వేసినవాళ్ల లోపం. అది ఏ కాపీలోనూ పోదు.

మనుషుల ముఖాలన్నిటికీ ఒకటే ఇటుకపొడి రంగు. మన దేశపు సైనికులు వరసలో నడిచిపోతుంటారు, గూర్ఖాలు, పంజాబీలు, మద్రాసు వాళ్లు. అందరికీ ఒకటే చాయ. ఎవడైనా చెయ్యి ఊపితే చెయ్యి ముందుపోతుంది, రంగు కొంచెం వెనక నడిచివస్తుంది. పొగకు ఏం రంగు వెయ్యాలో తోచక నీలం వేశారు. ఇంకా పెద్ద లోపం ఒకటుంది. మధ్యలో అక్కడక్కడా నిజంగానే ఆనాడు రంగుల ఫిలిం మీద తీసిన ముక్కలున్నాయి. వాటిలో రంగు వెలిసి, మురికిపట్టి ఉంది. వేసిన రంగేమో పెళ్లిపందిరిలా ఉంది. ఏది తీసినదో, ఏది వేసినదో డబ్బా మీద ఒక్క ముక్క లేదు. చూసేవాడికి ఆ మాట చెప్పకపోవడమే నాకు అన్నిటికంటే తప్పనిపించింది.

ఇంత రాశాక, చెప్పడానికి నేనెవరిని అని కూడా అనిపిస్తోంది. ఆ యుద్ధం ముగిశాక పుట్టినదాన్ని. ఆనాటి ఆకాశం ఏ రంగులో ఉందో నాకేం తెలుసు? పైగా ఒక ఒప్పుకోలు. నలుపుతెలుపులో చూసినంతకాలం అదంతా ఏదో వేరే లోకంలో జరిగినట్టుండేది. ఈ దొంగరంగుల్లో ఒక పిల్లవాడు బూటు విప్పి పాదం చూసుకుంటుంటే మా వీధిలో వాడే అనిపించాడు. అబద్ధం వల్ల దగ్గరయ్యాడా, నేనే మెత్తబడ్డానా తెలియలేదు. ఇప్పుడే కొనకు. మిగతావి కూడా చూద్దాం.

బాపు సంగతి. తనంత తానుగా అడిగితే చూపించు, నువ్వు బలవంతపెట్టకు. ఏమైనా చెప్తే ఆయన మాటల్లోనే నాకు రాయి, నీ మాటలు కలపకు.

ఇట్లా అడగడానికి కారణం సమ్మవ్వ. నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుందో లేదో. బాపు పటాలానికి పోయినప్పుడు మన పాత ఊరి నుంచి సిద్దిరాములు అనే ఆయన కూడా పోయాడు. ఆయన చెల్లెలే సమ్మవ్వ. వాళ్లవ్వ వద్దని ఏడ్చినా బాపే తోలుకపోయాడట. సిద్దిరాములు చనిపోయినట్టు టెలిగ్రాం వచ్చింది, అంతే. బాపు తిరిగి వచ్చాక వాళ్లింటికి పోనేలేదు. సమ్మవ్వ ఇప్పుడు జమ్మికుంటలో కొడుకు దగ్గర ఉంది. కరీంనగర్ దవాఖానాకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో చాయ్ తాగి, పోతూపోతూ గడప దగ్గర అదే మాట అడుగుతుంది. "బిడ్డా, చిన్నదొర ఏమన్న చెప్పిండా? మా అన్న మీద బట్ట ఎవలన్న గప్పిన్రా?" చిన్నదొర అంటే ఆమెకు మన బాపు. చనిపోయినవాడి మీద తనవాళ్ల బట్ట పడలేదన్నదే ఆమె బాధ. ఎట్లా పోయాడని కూడా అడగదు.

లీలకు, బాపుకు నా మాటగా చెప్పు.

మీ అక్క,
ప్రమోదిని

*

ఆదిలాబాద్,
12 డిసెంబర్ 1994

అక్కా,

నేను బలవంతపెట్టలే. నిన్న పొద్దుమీకి బాపు తనంతల తనే దుకాణానికొచ్చి, "గా డబ్బల ఏముందిరా?" అన్నడు. మూడో నంబరు పెట్టిన. అదే బర్మా తొవ్వ దిక్కుది. నేను గల్లపెట్టె కాడ ఉన్న, ఒక మరాఠీ మాస్టరు పోయిన వారం క్యాసెట్ తెచ్చి రీలు తెగింది మేం తెంపలేదని కొట్లాడుతుండు. నేను అటు దిక్కు నోరు చేస్తుంటే ఇటు బాపు కుర్చీలకెల్లి లేచి టీవీ అద్దం మీద చెయ్యి పెట్టిండు. చూస్తే ఇమానాలు పోతున్నయ్, పారాచూట్లు దిగుతున్నయ్.

ఇంటికి పోయేటప్పుడు రిక్షల చెప్పిండు. నా మాట కలపకుంట రాస్తున్న.

"తొవ్వలన్ని బందైనయ్. పైకెల్లి గొడుగులు గట్టి తిండి ఏసెటోళ్లు. సిద్దిరాములుకు జరం. లారీ కింద పండవెట్టిన. వాన, ఒకటే వాన. 'దొరా, మా అవ్వకు చెప్పకు' అన్నడు. ఏం చెప్పద్దన్నడో తెల్వది, గంతల్నే సల్లవడ్డడు. కప్పుదామంటే బట్ట లేదు, అన్ని వానకు కుళ్లినయ్. ఒక పచ్చగొడుగు చెట్టుకు తట్టుకొని ఉండె. అది సర్కారుది, ముట్టద్దు, ముడితే శిక్ష. నేను కత్తి పెట్టి కోసిన. గా పచ్చబట్టల సుట్టి, పండవెట్టి, మన్ను గప్పిన."

గంతే. ఇంటికొచ్చి కాళ్లు గడుక్కొని బువ్వ తిన్నడు. లీల నన్ను గుడ్లురిమి చూసింది. గని బాపు రోజుకంటే ఒక రొట్టె ఎక్కువనే తిన్నడు.

అక్కా, నాకైతే సంతోషమే అనిపించింది. బట్ట కప్పిన్రు గద! సమ్మవ్వకు ఎప్పుడు చెప్తున్నవ్? మూడో క్యాసెట్ లింగమూర్తికి ఇచ్చిన. నువ్వు గూడ చూడు.

లక్ష్మణ్

*

కరీంనగర్,
23 డిసెంబర్ 1994

తమ్మీ,

ఈ ఉత్తరం రాయడానికి రెండుసార్లు కూర్చుని లేచాను.

మూడో క్యాసెట్ చూశాను. గొడుగులు దిగే చోట ఆపి ఆపి చూశాను. గొడుగులన్నీ పచ్చవే. ఒక్కటీ తప్పకుండా, అన్నిటినీ ఒకే డబ్బాలో ముంచి తీసినట్టు పచ్చవే. ఆ ముక్క తీసింది నలుపుతెలుపు ఫిలిం మీద, అందులో అనుమానం లేదు. గొడుగు పక్కకు ఊగితే పచ్చదనం ఒక క్షణం ఆలస్యంగా ఊగుతుంది. అంటే ఆ రంగు ఈమధ్య ఎవరో కూర్చుని ఊహించి వేసినది. అసలు రంగు వాళ్లకు తెలియదు. కాలేజీ లైబ్రరీలో వెతికాను. లోపలి సరుకును బట్టి గొడుగుల రంగు మారేదని ఒక పుస్తకంలో ఉంది, ఏది దేనికో చెప్పలేదు.

మరి ఎవరో ఊహించి వేసిన రంగు, బాపు కళ్లారా చూసిన రంగు ఒకటే ఎట్లా అయ్యాయి? నాకు ఒకటే జవాబు తోస్తోంది. బాపు అబద్ధం చెప్తున్నాడని కాదు. ఆ మాట నా నోట రాదు. యాభై ఏళ్లు పెట్టెలో ఉన్న జ్ఞాపకం కూడా నలుపుతెలుపు ఫిలిం లాంటిదే. కొత్తగా ఎవరు ఏ రంగు పూసినా పట్టేస్తుంది. అద్దం మీద చెయ్యి పెట్టి చూసిన గుడ్డ, రిక్షాలో వచ్చేసరికి సిద్దిరాములు మీద కప్పిన గుడ్డ అయిందేమో. కప్పాలని ఉండి, కప్పలేకపోయిన మనిషికి అట్లా కాదా?

ఇది నాకు ఇష్టమై చెప్తున్న మాట కాదు. కానీ సమ్మవ్వ యాభై ఏళ్లుగా అడుగుతున్నది ఒకే ప్రశ్న. దానికి క్యాసెట్‌లోంచి ఊడిపడ్డ జవాబు ఇవ్వలేను. ఇప్పుడే ఎవరికీ చెప్పవద్దు. బాపును మళ్లీ అడగవద్దు, అడిగినకొద్దీ రంగు ఇంకా చిక్కబడుతుంది.

క్యాసెట్ల సంగతి ఆలోచించి రాస్తాను.

ప్రమోదిని

*

ఆదిలాబాద్,
2 జనవరి 1995

అక్కకు,

నీకు తెల్వదేమో, బాపుకు అక్షరాలు మసక మసక కనబడుతున్నయ్. ఉత్తరాలు నేనే చదివి ఇనిపిస్త. నీ ఉత్తరం వచ్చిందంటే ముందు బాపే, "సదువు, బిడ్డ ఏమన్నది?" అంటడు. ఎప్పటి తీర్గ చదువుకుంట పోయిన. సగానికొచ్చినంక ఆపుదామంటే ఆపరాలే. "ఆగకు" అన్నడు. మొత్తం చదివిన.

ఇని, "గొడుగులు పచ్చగనే ఉన్నయని రాసిందా?" అన్నడు. రాసింది అన్న. "క్యాసెట్ల?" అన్నడు. క్యాసెట్లనే అన్న. ఇగ అప్పటికెల్లి మాట లేదు. దుకాణం దిక్కు వస్తలేడు. నిన్న లీలను, "నేను మందు గోలి ఏసుకున్ననా?" అని రెండుసార్లు అడిగిండట. ఎన్నడు గట్ల అడగలే.

నువ్వు చదువుకున్నదానివి, నీకు రుజువు కావాలె. నేను పత్తి జోకుకుంట బతికినోన్ని, నాకు బాపు మాట సాలు. నువ్వు క్యాసెట్ల గురించి రాయమంటే బాపు గురించి రాసినవ్. క్వాలిటీ చూడుమన్నది గా సరుకును, బాపును గాదు.

లీల నిన్ను అడిగినట్టు చెప్పుమన్నది.

లక్ష్మణ్

*

కరీంనగర్,
8 ఫిబ్రవరి 1995

తమ్మీ లక్ష్మణ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేకపోయాను. బాపుకు చదివి వినిపిస్తావని తెలిస్తే అట్లా రాసేదాన్ని కాదు అని మొదట అనుకున్నాను. తర్వాత, ఆయన వినకూడని మాట ఆయన గురించి ఎందుకు రాశానని అనుకున్నాను. దాని దగ్గరే ఆగిపోయాను. ఇవ్వాళ రాయడానికి కారణం వేరే. ఇది కూడా బాపుకు చదివి వినిపించు. ఈసారి తెలిసే రాస్తున్నాను.

నిన్న సమ్మవ్వ వచ్చింది. చాయ్ చల్లారబెట్టుకుంటూ, "శివరాత్రికి కాళేశ్వరం పోతున్న బిడ్డా" అన్నది. "మా అన్నకు ఎవలు బట్ట గప్పలే. నేను గంగల ఇడిసి వస్త. ఇగ నిన్ను గూడ అడగ, చిన్నదొరను గూడ అడగ. ఎన్నొద్దులని అడుగుత?"

ఏం బట్ట కొన్నావని అడిగాను.

"పచ్చబట్ట. జమ్మికుంటల గొన్న. సూత్తవా?" అని సంచిలోంచి తీసి నా ఒళ్లో పరిచింది.

తమ్మీ, అది పసుపు రంగు బట్ట.

"ఇది పచ్చనా, సమ్మవ్వా?" అన్నాను.

"పచ్చ గాకుంటె నీలమా? పోరగాండ్లకు సదువు చెప్పుకుంట చెప్పుకుంట నీ కండ్లు వొయినయా ఏంది!"

"మరి ఆకుల రంగును ఏమంటావు?"

"ఆకురంగు అంట. ఇంకేమంటరు?" అని, నాకు జ్వరమేమో అన్నట్టు నా నుదురు ముట్టి చూసింది.

నాకు మన అవ్వ పెట్టెలోని పచ్చచీర గుర్తుకొచ్చింది. దాన్ని మనం ఎన్నిసార్లు ముట్టుకోలేదు? అది పసుపుదే కదా. పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్లు ఏ రంగులో ఉంటాయి? నేను పుట్టిన ఇంట్లో పచ్చ అంటే అదే. పదిహేడేళ్లకు హైదరాబాద్ హాస్టల్‌కు పోయాను. అక్కడ పచ్చని చెట్లు, పచ్చని పొలాలు, రైలుకు పచ్చజెండా. ఆ పచ్చే పాఠాల్లో చదివాను, ఆ పచ్చే పాఠాల్లో చెప్తున్నాను. ఎప్పుడు మారిందో తెలియనంత మెల్లగా నా నోట్లోనే ఒక మాట రంగు మారింది. క్యాసెట్‌లో గొడుగులు పచ్చగా ఉన్నాయని నేను రాసింది ఆకుల రంగు గురించి. బాపు పచ్చగొడుగు అన్నది దేని గురించి?

అడుగు. కానీ అడిగే తీరు జాగ్రత్త. "పసుపేనా?" అని అడగకు, అట్లా అడిగితే మనకోసం అవునంటాడు. ఆ గుడ్డ దేని లెక్క ఉండేదో చెప్పమను. అంతే అడుగు. నేను ఇంకా మాస్టరమ్మలాగే మాట్లాడుతున్నానని నీకు కోపం రావచ్చు, రానీ.

సమ్మవ్వకు నిన్న ఏమీ చెప్పలేదు. శివరాత్రి లోపల జమ్మికుంటకు నేనే వస్తానని మాత్రం అన్నాను. ఆమె పోతూ గడప దగ్గర ఆగలేదు. ఏమీ అడగలేదు కూడా.

మీ అక్క

*

ఆదిలాబాద్,
14 ఫిబ్రవరి 1995

అక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే బాపు మధ్యలనే నవ్విండు. "ఆకురంగు అంట, ఇంకేమంటరు" అన్న కాడ. దసరా తర్వాత నవ్వుడు ఇదే.

నా తప్పు గూడ రాస్త. గా దినం నేను మాస్టరు తోని కొట్లాటల ఉన్న, టీవీ దిక్కు సరిగ చూడనే లేదు. నువ్వు పచ్చ అని రాస్తే పచ్చనే ఉన్నయేమో అనుకున్న. పచ్చ అంటే నాకు పచ్చనే గద. క్యాసెట్ నీ కాడనే ఉండె, మల్ల పెట్టి చూద్దామంటే గూడ లేదు.

నువ్వు చెప్పినట్టే, దేని లెక్క ఉండె అని అడిగిన. కిందిది బాపు చెప్తుంటే రాసింది.

"బిడ్డా ప్రమోదినీ, తంగేడుపువ్వు లెక్క ఉండె. వానల తడిసినా గట్లనే ఉండె. క్యాసెట్ల ఆకురంగు ఏసిన్రు. సూసినప్పుడే అనుకున్న, తప్పేసిన్రని. అద్దం మీద చెయ్యి పెట్టింది గందుకే, రంగు మీదికెల్లి అంటిందా ఏందని. ఎవలకు చెప్పాలె, అది దుకాణం మాల్ అని ఊకున్న. గంతల నీ ఉత్తరమొచ్చింది. క్యాసెట్ల పచ్చగున్నయని రాసినవ్. సదువుకున్న బిడ్డ, ఆపి ఆపి చూసిన అన్నది. అయితె నాకే ఆకురంగు కనబడ్డదా అనుకున్న. కండ్లు వొయినయ్ సరే, తలకాయ గూడ వొయిందనుకున్న. తలకాయ వోతె ఇగ సిద్దిరాములును ఎవలు యాది పెట్టుకుంటరు? నేను తప్ప సూసినోళ్లు లేరు. గా భయానికి మాట్లాడలే, నీ మీద కోపానికి గాదు.

ఆని అవ్వ వద్దన్నా తోలుకపోయిన. ఒక్కన్ని వచ్చిన. గా మొఖం పెట్టుకొని వాళ్లింటికి ఎట్ల వోవాలె? గందుకే పోలే. నువ్వు చెప్తె చెప్పు. తంగేడుపువ్వు రంగు అని గూడ చెప్పు."

ఇగ నాకెల్లి ఒకటే మాట. గా ఉత్తరంల నేను జర గట్టిగ రాసిన. మనసుల పెట్టుకోకు.

లక్ష్మణ్

*

కరీంనగర్,
22 ఫిబ్రవరి 1995

బాపుకు, లక్ష్మణ్‌కు,

ఆదివారం జమ్మికుంట పోయి వచ్చాను. మార్కెట్ వెనక గల్లీలో వాళ్లిల్లు. సమ్మవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది, లేవలేదు.

బస్సులో పోతున్నంతసేపూ నాలో నేనే వాదించుకున్నాను. తంగేడుపువ్వు అన్నంత మాత్రాన అది రుజువవుతుందా? కాదు. బాపు చూసింది క్యాసెట్ నుంచి రాలేదని మాత్రమే తేలింది. వానలో, ఆకలిలో, యాభై ఏళ్ల కింద ఒక చెట్టు దగ్గర ఏం జరిగిందో నేను ఎన్ని పుస్తకాలు తిప్పినా తేలదు. అయితే చూసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన చెప్పాడు. దాన్ని మోసుకుపోవడమే నా పని, దాని క్వాలిటీ చూడడం కాదు. తమ్మీ, ఈ మాట నీదే.

బాపు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. లారీ కింద పండబెట్టిన సంగతి, వాన సంగతి, గుడ్డ ముట్టుకుంటే శిక్ష అన్న సంగతి, కత్తి. సమ్మవ్వ నేల చూస్తూ వింది.

"ఏం రంగు?" అన్నది.

"పచ్చ" అన్నాను. ఏ పచ్చ అని ఆమె అడగలేదు. నేనే ఆగలేక, "తంగేడుపువ్వు లెక్క" అన్నాను.

"మల్ల పచ్చ అంటె గదే గద" అని, కొంగుతో ముఖం తుడుచుకుంది. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని కొంచెంసేపు చెరిగింది. నేను కూర్చున్నాను. తర్వాత లోపలికి పోయి, ఆ పసుపు బట్ట మడత విప్పకుండా తెచ్చింది.

"ఒక్కనికి రెండు బట్టలెందుకు బిడ్డా? కాళేశ్వరం పోయి దీపం ఇడిసి వస్త, సాలు. గిది షాపుల వాపసిస్త. ఆడు తీసుకుంటడు, నాకు తెల్సినోడే, తీసుకోకుంటె ఆని దుకాణం ముందల్నే కూసుంట. దీని బదులు అన్నకు ధోతి తెస్త."

ఏ అన్నకో నాకు వెంటనే అర్థం కాలేదు. సిద్దిరాములు అనుకున్నాను.

"గంగల ఇడవనీకా?" అన్నాను.

"గంగలెందుకు? ఆదిలాబాద్‌ల ఉన్న అన్నకు. నేను గప్పాల్సిన బట్ట ఆయన గప్పిండు. అన్న గాకుంటె ఎవలు?"

బాపూ, ఆమె నీ గురించి మాట్లాడినప్పుడల్లా చిన్నదొర అనేది. ఆదివారం నాడు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఏ రంగు అంచుది తేవాలని నన్ను అడిగింది. ఇక రంగుల జోలికి నన్ను పోనీయవద్దని దండం పెట్టాను. తెల్లటిది తెచ్చింది, అంచు కూడా లేనిది. లింగమూర్తి బస్సులో మూడు క్యాసెట్లతో పాటు పంపుతున్నాను.

క్యాసెట్ల మీద నా మాట అడిగావు కదా. కాపీ బాగాలేదు, రంగులు నమ్మదగ్గవి కావు. సెట్టు వెనక్కు పంపు. ఒకవేళ ఉంచుకుంటే మాత్రం, తీసుకుపోయేవాళ్లకు ఈ రంగులు తర్వాత వేసినవని నోటితో చెప్పి ఇవ్వు.

బాపూ, నీ మాటను ఒక రంగుడబ్బాతో కొలిచాను. ఇంతకంటే ఎట్లా రాయాలో తెలియడం లేదు.

ప్రమోదిని

*

ఆదిలాబాద్,
5 మార్చి 1995

అక్కా,

పార్సల్ అందింది. దేవదాస్‌కు తొమ్మిది క్యాసెట్లు వాపస్ పంపిన, మూడో నంబరు ఉంచుకున్న. సెట్టు ఇరగ్గొట్టినవని ఆడు మరాఠీల నన్ను తిట్టిండు, నేను తెలుగుల తిట్టిన. అయిపోయింది.

నిన్న బాపు మల్ల పెట్టుమన్నడు. గొడుగులు దిగే కాడికి రాంగనే, "గా రంగు తీసెయ్" అన్నడు. టీవీ బటన్ తిప్పి మొత్తం తగ్గించిన. నలుపుతెలుపు అయింది. "ఆఁ, ఇప్పుడు కనబడుతున్నది" అని కడ దాంక చూసిండు. నాకేమో నలుపే కనబడ్డది. ఆయనకు ఏం కనబడ్డదో నేను అడగలే.

బాపు ధోతి కట్టుకున్నడు. దవాఖానల చూపెట్టనీకి కరీంనగర్ వస్తా అంటుండు. దవాఖానలు ఇక్కడ లేవా అంటే, "జమ్మికుంట తొవ్వల ఉండదు గద ఇక్కడి దవాఖాన" అన్నడు. వచ్చే వారం తోలుకొస్త.

ఈ ఉత్తరం బాపు ముందలనే రాస్తున్న. ధోతి అందిందని సమ్మవ్వకు చెప్పుమని, తెల్లగ మంచిగున్నదని రాయుమన్నడు. రాసినంక, "ఆగు, మీ అక్క మల్ల ఏ తెలుపని అడుగుతది" అన్నడు.

పత్తి తెలుపట.

లక్ష్మణ్